గ్రీకు అక్షరాల రోమన్ కంచు నాణెం ఏ ఊరిదో, ఏ ఏటిదో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా: విదేశీ వేలంలో కొన్న పాత నాణేల్లో ఒక కంచు నాణెం వచ్చింది. అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, బరువు 12 గ్రాములు. బొమ్మ వైపు రెండు తలలు ఎదురెదురుగా ఉన్నాయి. బొరుసు వైపు నిలబడిన దేవత, చుట్టూ గ్రీకు రాత. అందులో "...ఇయానోపోల్..." అనే ముక్క మాత్రం చదవగలిగారు. రోమన్ చక్రవర్తుల నాణేల జాబితాలు ఎంత తిరగేసినా ఇలాంటిది కనబడటం లేదు. ఇది ఎవరిది, ఎప్పటిది, అసలుదేనా?

ఆ జాబితాల్లో కనబడకపోవడం సహజమే, ఎందుకంటే అవి రోమ్ ప్రభుత్వం కొట్టించిన నాణేల జాబితాలు. మీ దగ్గరున్నది ఒక ఊరు తన బజారులో చిల్లర కోసం, తన పేరు మీద కొట్టించుకున్న నాణెం. చక్రవర్తి తల మర్యాద కోసం, అధికారం కోసం వేస్తారు. మిగతాదంతా ఊరిదే: దేవుడు, గుడి, నది, అధికారి పేరు, సంవత్సరం లెక్క. అందుకే ఇలాంటి నాణేలకు ముందు ఊరు తేల్చుకుని, తర్వాత చక్రవర్తి దగ్గరికి రావాలి. కొత్తవాళ్లు నూటికి తొంభై మంది దీన్ని తిరగేసి చేస్తారు. తల పోలిక పట్టుకుని మొదలుపెట్టి అక్కడే చిక్కుకుపోతారు.

నేపథ్యం కొంచెం తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. సామ్రాజ్యపు పడమటి భాగంలో, అంటే స్పెయిన్, గాల్ (నేటి ఫ్రాన్స్), ఆఫ్రికాల్లో ఊళ్లు నాణేలు కొట్టడం క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యకల్లా, క్లాడియస్ నాటికి దాదాపు ఆగిపోయింది. తూర్పున గ్రీకు మాట్లాడే ప్రాంతాల్లో మాత్రం మరో రెండు శతాబ్దాలకు పైగా సాగింది. నేటి బల్గేరియా, గ్రీస్, టర్కీ, సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్, జోర్డాన్ నేలల మీద ఉన్న ఊళ్లివి. మొత్తం 600కు పైగా ఊళ్లు ఏదో ఒక కాలంలో ఈ పని చేశాయి. 3వ శతాబ్దంలో రోమ్ వెండి నాణెంలో వెండి కరిగిపోతూ వచ్చేసరికి, చిన్న కంచు నాణెం కొట్టడం ఊళ్లకు గిట్టుబాటు కాకుండా పోయింది. 260, 270ల్లో ఒక్కొక్కటిగా మానేశాయి. దక్షిణ టర్కీలోని పెర్గే చక్రవర్తి టాసిటస్ (275–276) పేరు మీద కూడా కొట్టింది. దాని తర్వాత మిగిలింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా ఒక్కటే, అదీ డయోక్లీషియన్ కాలంలో ఆగిపోయింది. బంగారం ఊళ్ల చేతికి రాలేదు. వెండి కూడా ఆంటియోక్, కప్పడోకియాలోని సిజేరియా, అలెగ్జాండ్రియా లాంటి కొన్ని చోట్ల మాత్రమే. మిగిలిందంతా కంచే.

ఇక్కడ మన వాళ్లకు ఒక మాట చెప్పాలి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, ఇంకా తెలుగు నేల మీద చాలా చోట్ల దొరికిన రోమన్ నాణేలను మ్యూజియంలో చూసి, వాటితో పోల్చుకుని ప్రశ్నలు అడుగుతుంటారు. ఆ పోలిక కుదరదు. మన దగ్గర నిధుల్లో ఎక్కువగా దొరికేవి అగస్టస్, టైబీరియస్‌ల వెండి డెనారియస్‌లు. అవి లాటిన్ రాతతో, ముఖ్యంగా నేటి ఫ్రాన్సులోని లియాన్‌లో తయారైనవి. వర్తకులు ఈజిప్టు రేవుల నుంచే ఓడలెక్కినా అలెగ్జాండ్రియా నాణెం వెంట తేలేదు, ఎందుకంటే ఆ నాణెం ఈజిప్టు దాటితే చెల్లదు. ఈజిప్టులోకి వచ్చినవాళ్లు తమ డబ్బు మార్చుకోవాలి, బయటికి పోయేవాళ్లు అందరూ ఒప్పుకునే వెండి, బంగారం పట్టుకుపోవాలి. ఊళ్ల కంచు నాణెమైతే పక్క జిల్లా దాటడమే గొప్ప. కాబట్టి "మా పొలంలో దొరికింది" అని ఎవరైనా గ్రీకు రాతల కంచు నాణెం చూపిస్తే, ముందుగా అది ఇటీవల సంతలోనో ఇంటర్నెట్‌లోనో కొన్నదేమో అడగండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

0.01 గ్రాము దాకా చూపించే తూకం, ఒక వెర్నియర్ కాలిపర్స్ కావాలి. అడ్డుకొలత రెండు దిక్కుల్లో తీయండి, ఎందుకంటే ఈ నాణేలు పూర్తి గుండ్రంగా ఉండవు. మూడోది అచ్చుల దిశ: బొమ్మను నిలువుగా పట్టుకుని, నాణేన్ని నిలువు ఇరుసు మీద తిప్పండి. బొరుసు కూడా నిటారుగా కనిపిస్తే గడియారం లెక్కన 12, తలకిందులుగా కనిపిస్తే 6. అలెగ్జాండ్రియా నాణేలు ఎక్కువగా 12 దగ్గర ఉంటాయి. చాలా ఇతర ఊళ్లు 6 దగ్గర పెట్టేవి, కొన్ని అసలు పట్టించుకోలేదు. ఈ మూడు అంకెలు రాసుకోండి, కానీ బరువును మరీ నమ్మకండి. కంచు నాణేల్లో ఒకే ఊరు, ఒకే అచ్చు, ఒకే విలువ అయినా 10 గ్రాములదీ 14 గ్రాములదీ దొరుకుతాయి. రేకును, అంటే అచ్చు వేయబోయే లోహపు బిళ్లను, ఒక్కొక్కటిగా తూచి కొట్టేవారు కాదు, లోహపు ముద్దకు ఇన్ని నాణేలు అని లెక్క. వెండికి మాత్రం తూకం గట్టి సాక్ష్యం.

తర్వాత బొరుసు చదవాలి. గదిలో దీపాలార్పి, ఒకే టార్చిని బల్ల ఎత్తున పక్కనుంచి వేసి, నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. అరిగిన అక్షరం పైనుంచి వేసిన వెలుగులో కనబడదు, పక్క వెలుగులో దాని నీడ పడుతుంది. ఫోటోలు నాలుగు దిక్కుల వెలుగులో నాలుగు తీసుకుంటే ఒక దాంట్లో కనబడని అక్షరం ఇంకో దాంట్లో దొరుకుతుంది. రాత సాధారణంగా గడియారంలో 7 అంకె ఉండే చోట మొదలై కుడికి తిరుగుతుంది. చోటు చాలకపోతే దేవత కాళ్ల కింది గీత దిగువకో, బొమ్మకు రెండు పక్కల ఖాళీలోకో దిగుతుంది.

అక్షరాలు చూసి మోసపోయే చోట్లు కొన్నే, కానీ అందరూ అక్కడే మోసపోతారు. ఇంగ్లీషు "పి" లా కనిపించేది "ర". "హెచ్" లా ఉన్నది దీర్ఘ "ఏ". "ఎక్స్" లా ఉన్నది "ఖ". 2, 3 శతాబ్దాల నాణేల మీద "స" నెలవంకలా, అచ్చం ఇంగ్లీషు "సి" లా ఉంటుంది. దీర్ఘ "ఓ" ఇంగ్లీషు "డబ్ల్యూ" లా ఉంటుంది. గుండ్రటి సున్న మీద "వి" ఎక్కి కూర్చుంటే అది "ఊ". చోటు కోసం రెండు మూడు అక్షరాలకు ఒకే గీత వాడి అంటించేస్తారు కాబట్టి, ఏదైనా అక్షరం వింతగా ఉంటే అది ఒకటి కాదు రెండని అనుమానించండి.

ఊరి పేరు "ఫలానా ఊరి ప్రజలది" అనే రూపంలో ఉంటుంది, చివర "ఓన్" వస్తుంది. ఎఫెసియోన్ అంటే ఎఫెసస్ వాళ్లది, నికాయెయోన్ అంటే నికాయియా వాళ్లది, ఆంటియోఖెయోన్ అంటే ఆంటియోక్ వాళ్లది. అరిగిన రాతలో ముందుగా ఆ "ఓన్" ఎక్కడుందో పట్టుకుని వెనక్కి చదువుకుంటూ వెళ్లండి. రోమన్ సైనికులు స్థిరపడిన కాలనీలైతే గ్రీకు బదులు లాటిన్, మొదట్లో "కోల్" అనే మూడక్షరాలు ఉంటాయి.

మీ "ఇయానోపోల్" ముక్కకు గట్టి అభ్యర్థులు రెండు: హడ్రియానోపోలిస్, మార్కియానోపోలిస్. మొదటిది నేటి టర్కీలోని ఎడిర్నే, థ్రేస్ రాష్ట్రం. రెండోది బల్గేరియాలో వర్నా పక్కన ఉన్న డెవ్న్యా, దిగువ మోయిసియా రాష్ట్రం. ట్రాజన్ తన సోదరి మార్కియానా పేరున దాన్ని స్థాపించాడు. రెండు ఊళ్లూ ఎదురెదురు తలల నాణేలు కొట్టాయి. వాటిని వేరు చేసే గుర్తులు రెండున్నాయి.

మొదటిది రాత ఆరంభం. దిగువ మోయిసియా ఊళ్లు రాష్ట్ర గవర్నరు పేరు వేసేవి, దాని ముందు "ఉప" అన్న రెండక్షరాలు ఉంటాయి: ఇంగ్లీషు వై, ఆ పక్కన గుమ్మంలా మూడు గీతల "ప". థ్రేస్‌లో గవర్నరు పేరు వేసినప్పుడు "ఏగ" అని మొదలవుతుంది: హెచ్ ఆకారం, పక్కన తిరగేసిన ఎల్ ఆకారం. రెండోది ఖాళీలో ఒంటరి అక్షరం. దేవతకు ఎడమనో కుడినో ఇంగ్లీషు "ఈ" లాంటి అక్షరం ఒక్కటే నిలబడి ఉంటే అది ఊరి పేరులోది కాదు, విలువ. గ్రీకు లెక్కలో అది 5, అంటే అయిదు అస్సారియన్ల నాణెం (అస్సారియన్ అంటే కంచు చిల్లరకు లెక్క ప్రమాణం). మార్కియానోపోలిస్ జంట తలల నాణేలకు ఇది దాదాపు ముద్ర లాంటిది. నల్లసముద్రం ఒడ్డునున్న ఒడెస్సోస్ (వర్నా) లాంటి ఊళ్లు కూడా అదే అక్షరం వేశాయి, టోమిస్ (రొమేనియాలోని కోన్‌స్టాంట్సా) మాత్రం త్రికోణం, అంటే 4 వేసింది. 27 మిల్లీమీటర్లు, 12 గ్రాములు ఈ అయిదు అస్సారియన్ల నాణేనికి సరిగ్గా సరిపోతాయి. అందుకే మీది మార్కియానోపోలిస్ అయ్యే అవకాశం ఎక్కువ. "పోలిటోన్" అని ఉన్నా "పోలెయిటోన్" అని ఉన్నా ఊరు ఒకటే, అప్పటికి రెండూ ఒకేలా పలికేవారు.

ఊరు తేలాక తలలు చూడండి. మార్కియానోపోలిస్‌లో ఎదురెదురుగా ఎక్కువగా వచ్చే జంటలు ఇవి: కారకల్లా, తల్లి యూలియా డొమ్నా. మాక్రినస్, కొడుకు డయడుమేనియన్ (ఒకడికి గడ్డం, ఇంకొకడు కుర్రవాడు, ఇద్దరూ మగవాళ్లే). ఎలాగబలస్, అమ్మమ్మ యూలియా మైసా. అలెగ్జాండర్ సెవెరస్, తల్లి యూలియా మామియా. మూడవ గోర్డియన్, భార్య ట్రాంక్విల్లినా. ఫిలిప్, భార్య ఒటాసిలియా. గోర్డియన్‌కూ ఫిలిప్ కొడుక్కూ ఎదురుగా సెరాపిస్ దేవుడు ఉన్నవి కూడా ఉన్నాయి. గడ్డం, నెత్తిన కుంచం లాంటి పాత్ర కనిపిస్తే అది సెరాపిస్. ఆడతల అయితే రాత చివర, మెడల కింద, ఆమె పేరు ఉంటుంది. ట్రాంక్విల్లినా అయితే నాణెం 241–244 మధ్యది, ఎందుకంటే గోర్డియన్ ఆమెను 241లో పెళ్లాడాడు.

చక్రవర్తి పేరు ముందు "ఔట్ క" అని ఉంటుంది, ఔటోక్రాటోర్ కైసార్ అన్న బిరుదులకు పొట్టి రూపం. ఆ తర్వాత వచ్చే "మ ఔర్ ఆంటోనెయినోస్" అనేది అసలు ఉచ్చు. మార్కస్ ఆరీలియస్, కారకల్లా, ఎలాగబలస్ ముగ్గురూ ఆ పేరుతోనే ఉంటారు. ఊళ్ల చెక్కుడు పనివాళ్లకు రోమ్ నుంచి వచ్చిన నమూనా బొమ్మే ఆధారం, అందుకే పోలిక మీద తీర్పు ఇవ్వలేం. అక్కడ గవర్నరు పేరు తేల్చేస్తుంది. మార్కియానోపోలిస్‌లో క్వింటిలియానస్ పేరుంటే కారకల్లా. యూలియస్ ఆంటోనియస్ సెల్యూకస్ పేరుంటే ఎలాగబలస్. మెనోఫిలస్ ఉంటే మూడవ గోర్డియన్, అందులోనూ 238–241. ఈ రాష్ట్రపు నాణేలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం ఇందుకే. నాలుగైదు అక్షరాలు బతికి ఉన్నా, రెండు మూడేళ్ల తేడాలో కాలం చెప్పేస్తాయి.

ఆసియా రాష్ట్రంలో, అంటే పశ్చిమ టర్కీలో, గవర్నరు బదులు ఊరి అధికారి కనిపిస్తాడు. "ఎపి" తర్వాత పేరు వస్తుంది, ఫలానా వాడి హయాంలో అని అర్థం. స్ట్రాటెగోస్, ఆర్ఖోన్, గ్రమ్మతెవ్స్ అనేవి పదవులు. చక్రవర్తి తల అసలు లేకుండా "ఇయెరా సుంక్లేటోస్" (పవిత్ర సెనేటు), "డేమోస్" (ప్రజ), "బూలే" (ఊరి సభ) అని రాసి ఒక యువకుడి తలో స్త్రీ తలో వేసినవి కూడా ఉన్నాయి. వాటిని రోమన్ కాలానికి ముందువని అమ్ముతుంటారు, అది తప్పు. రెండు ఊళ్ల పేర్లు, "ఓమోనోయియా" అనే మాట ఒకే బొరుసు మీద కనిపిస్తే కంగారు పడకండి. రెండు ఊళ్లు సఖ్యత చాటుకుంటూ కొట్టినవి అవి. కొట్టిన ఊరి పేరు సాధారణంగా ముందు వస్తుంది.

ఊళ్లు బిరుదుల కోసం ఎంత పోటీ పడ్డాయో ఈ నాణేల మీద కనిపిస్తుంది. చక్రవర్తి గుడిని కాపాడే ఊరికి "నెయోకోరోస్" అనే హోదా దక్కేది. ఎఫెసస్ దాన్ని డొమీషియన్ కాలంలో మొదటిసారి, హేడ్రియన్ కాలంలో రెండోసారి పొందింది. కారకల్లా కాలంలో మూడోది, ఎలాగబలస్ కాలంలో నాలుగోది చేరాయి, ఎలాగబలస్ చనిపోయాక ఆ నాలుగోది ఊడింది. కాబట్టి ఎఫెసస్ నాణెం మీద "రెండుసార్లు", "మూడుసార్లు", "నాలుగుసార్లు" అన్న మాట చదవగలిగితే, తల పూర్తిగా అరిగిపోయినా కాలం చెప్పొచ్చు.

ఒకే పేరున్న ఊళ్ల గురించి కూడా జాగ్రత్త అవసరం. ఆంటియోక్‌లు చాలా ఉన్నాయి: ఒరోంటెస్ నది మీది మహానగరం, పిసిడియాలోని కాలనీ, మియాండర్ నది ఒడ్డుది, ఇంకా కొన్ని. సిజేరియాలు, లవొడికియాలు, నికోపోలిస్‌లు కూడా అంతే. నది పేరు తగిలించి ఉంటే అదృష్టం. "ప్రోస్ ఇస్ట్రోన్" అంటే దానూబ్ వైపు నికోపోలిస్, నేటి బల్గేరియాలోని నిక్యుప్ దగ్గరి శిథిలాలు. తగిలించకపోతే బొమ్మలే దిక్కు. కప్పడోకియా సిజేరియా నాణెం మీద ఆర్గాయియోస్ పర్వతం ఉంటుంది. ఒరోంటెస్ ఆంటియోక్‌ది అయితే బండ మీద కూర్చున్న నగరదేవత, ఆమె కాళ్ల దగ్గర ఈదుతున్న నది మనిషి. లైకస్ నది లవొడికియా మీద తోడేలు, అడవిపంది కనిపిస్తాయి. లైకస్, కాప్రోస్ అనే రెండు నదులకు అవి గుర్తులు. సిడే ఊరికి దానిమ్మపండు, టైర్‌కు మ్యూరెక్స్ శంఖం, ఎమెసాకు శంకు ఆకారపు నల్లరాయి. విమినాకియం (సెర్బియాలోని కోస్టోలాట్స్) నాణెం మీద స్త్రీకి ఒక పక్క ఎద్దు, ఇంకో పక్క సింహం ఉంటాయి. ఆ రాష్ట్రంలో ఉన్న 7వ క్లాడియా, 4వ ఫ్లావియా దళాల చిహ్నాలు అవి.

ఊరి పేరే ఉండని నాణేలు కూడా ఉన్నాయి, వాటిలో పెద్ద కుటుంబం అలెగ్జాండ్రియా. దానికి సంవత్సరమే గుర్తు. ఇంగ్లీషు "ఎల్" లాంటి చిహ్నం, పక్కన ఒకటో రెండో అక్షరాలు. ఆ చిహ్నానికి "సంవత్సరం" అని అర్థం, అక్షరాలు అంకెలు. ఆల్ఫా 1, బీటా 2 అలా 9 దాకా, అయోటా 10, కప్పా 20, లాంబ్డా 30, రో 100. తొమ్మిదో ఏడు మాత్రం తరచూ అక్షరంలో కాక పూర్తి మాటగా "ఎనాటూ" అని రాశారు. ఈ ఏళ్లు చక్రవర్తి పాలన లెక్క. కొత్త సంవత్సరం ఆగస్టు 29న మొదలవుతుంది, లీపు చక్రంలో ఒకసారి 30న. ఇక్కడే లెక్క తప్పుతుంది. హేడ్రియన్ 117 ఆగస్టు 11న చక్రవర్తి అయ్యాడు. ఆయన మొదటి ఏడు ఆగస్టు 28తో అయిపోయింది, 29న రెండో ఏడు వచ్చేసింది. పదవిలోకి వచ్చిన ఏటికి పాలన అంకె కలిపేస్తే ఇలాంటి చోట ఏడాది పొరపాటు పడుతుంది.

సిరియా, ఫినీషియా ఊళ్లు సొంత శకాలు వాడాయి. ఆంటియోక్‌లో సీజర్ శకం క్రీ.పూ. 49 శరత్కాలంతో మొదలు. "డెల్టా, రో" అని ఉంటే 4, 100, కలిపి 104. దాంట్లోంచి 49 తీస్తే 55, అంటే క్రీ.శ. 55 శరత్కాలం నుంచి 56 శరత్కాలం దాకా. టైర్ శకానికి 126 తీసేయాలి. డెకాపోలిస్ (జోర్డాన్ నది వైపు "పది ఊళ్ల" గుంపు) ఊళ్లలో గదరా లాంటివి రోమన్ సేనాని పాంపే వచ్చిన క్రీ.పూ. 64/63 నుంచి లెక్కపెట్టాయి. బోస్ట్రా, పెట్రా వైపు అరేబియా రాష్ట్ర శకం క్రీ.శ. 106. విమినాకియంలో లాటిన్‌లో "ఆన్" అని, పక్కన రోమన్ అంకె: మొదటి ఏడు 239/240. అక్షరాలు చిన్న అంకె నుంచి పెద్దకూ, పెద్ద నుంచి చిన్నకూ రెండు విధాలా ఉంటాయి కాబట్టి కలిపేయడమే, వరస గురించి ఆలోచించక్కర్లేదు. శకం తెలియకుండా అంకె ఒక్కటే చూసి కాలం చెప్పకండి. ఊరు ముందు తేల్చమనడానికి ఇది ఇంకో కారణం.

ఇంత చదివాక రోమన్ ప్రావిన్షియల్ కాయినేజ్ ప్రాజెక్టు ఆన్‌లైన్ కేటలాగ్‌లో వెతకండి, ఉచితం. ఊహించిన మాట మొత్తం కొట్టకుండా, కచ్చితంగా కనిపించిన అక్షరాలనే వేయండి. ఊరు, చక్రవర్తి, బొరుసు బొమ్మ మూడూ సరిపోయినా, రాత విరిగిన చోటు (బొమ్మ అడ్డొచ్చి రాత ఆగి మళ్లీ మొదలయ్యే చోటు) వేరుగా ఉంటే అది వేరే అచ్చు అని రాసుకోండి. బొమ్మ వైపు అచ్చం ఒకేలా ఉండి ఊరు మాత్రం వేరుగా కనిపిస్తే పొరపాటు పడ్డామని అనుకోకండి. జర్మన్ పండితుడు కొన్రాడ్ క్రాఫ్ట్ 1972లో చూపించినట్టు, ఆసియా మైనర్‌లో ఒకే బొమ్మ అచ్చును పలు ఊళ్లు పంచుకున్నాయి. అన్ని ఊళ్లకూ సొంత టంకశాల లేదు, ఒకే పనిశాల చాలా ఊళ్లకు కొట్టి ఇచ్చేది.

ఇక "అసలుదేనా" అన్న ప్రశ్న. ముందు లోపం కాని వాటిని తీసేద్దాం. రెండు వైపులా సరిగ్గా మధ్యలో చిన్న గుంట ఉంటే ఎవరో మేకు దిగ్గొట్టారని అనుకుంటారు. అది కొట్టకముందు రేకును చదును చేసేటప్పుడు పడింది. థ్రేస్, ఆసియా మైనర్, అలెగ్జాండ్రియా కంచులో చాలా మామూలు, ఉంటే మంచి గుర్తే. చిన్న పెట్టెలో అక్షరమో తలో ఉన్న అదనపు ముద్ర కూడా పాడైనట్టు కాదు. సిడే, పెర్గే వైపు పాత నాణెం విలువ మార్చడానికి అంకె ముద్ర వేశారు. పెర్గమం, స్ట్రాటోనికేయాల నాణేల మీద రెండు తలల్లో ఒకటి గీకేసి ఉంటే అది 211 చివర్లో అన్న కారకల్లా చంపించిన గెటాది. అతని బొమ్మ చెరిపేయాలన్న ఆజ్ఞ నాణెం దాకా వచ్చింది.

నిజమైన అనుమానాలు వేరు. అంచును భూతద్దంలో తిప్పి చూడండి. చుట్టూ ఒక సన్నని గీత, లేక దాన్ని రుద్దిన ఆకురాయి గీతలు ఉంటే పోత పోసినది. పొడుచుకు వచ్చిన అక్షరాల అంచులు సబ్బులా మెత్తగా ఉండి, బొమ్మ చుట్టూ ఖాళీ భాగంలో సూదిమొన బుడగలుంటే అదీ పోతే. బాల్కన్ ప్రాంతంలో కొత్త అచ్చులు చెక్కి కొట్టిన నకిలీలకు పోత గుర్తులుండవు. వాటిని పట్టించేది జంట: ఒకే అంచు పగులు, ఒకే గుంట ఉన్న రెండు నాణేలు కనిపిస్తే రెండూ నకిలీ. అచ్చు ఒకటి కావచ్చు, రేకు పగిలిన తీరు ఒకటి కాలేదు. ఇంకో మోసం అసలు నాణేన్నే చెక్కడం. అరిగిన జుట్టును, అక్షరాలను ఉలితో లోతు చేస్తారు. చెక్కిన అక్షరం లోపల చిలుము రంగు తేలిపోయి, గీత అంచు పదునుగా ఉంటుంది. రాత మామూలు నమూనాలతో కలవక అర్థం లేని అక్షరాలొస్తే చెక్కినవాడికి గ్రీకు రాదని తెలుస్తుంది.

శుభ్రం చేయడం గురించి గట్టిగా చెబుతున్నా. ఇత్తడి చెంబులా చింతపండుతో తోమకండి. నిమ్మరసం, వెనిగర్, పీతాంబరి పొడి ఏవీ వద్దు. ఈ నాణెం మీద అక్షరాలు చాలాసార్లు లోహంలో కాదు, దాని మీద గట్టిపడ్డ చిలుము పొరలో మిగిలి ఉంటాయి. ఆమ్లం తగిలితే చిలుముతో పాటు రాత పోతుంది, కింద గుంటలు పడ్డ ఎర్ర రాగి మిగులుతుంది. డిస్టిల్డ్ నీళ్లలో వారాల తరబడి నానబెట్టండి, నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చండి, వెదురు పుల్లతోనో ముల్లుతోనో భూతద్దం కింద మట్టి తీయండి. అది చాలు. ఆలివ్ నూనెలో కూడా ఆమ్లం ఉంటుంది, నెలల తరబడి ఉంచితే చిలుమును తింటుంది.

చిలుము గట్టిగా నున్నగా ఉంటే రక్ష. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే రోగం. కంచులో చేరిన క్లోరైడు గాలిలో తేమతో కలిసి ఆమ్లం అవుతుంది, అది మళ్లీ రాగిని తిని ఇంకా క్లోరైడు చేస్తుంది, అలా ఆగకుండా సాగుతుంది. ఆ పొడి పుల్లతో తీసేసి, లీటరు డిస్టిల్డ్ నీళ్లకు 50 గ్రాముల సోడియం సెస్క్వికార్బొనేట్ కలిపి అందులో నానబెట్టాలి. వారానికోసారి ద్రావణం మార్చాలి, నెలలు పట్టవచ్చు. తర్వాత మంచి నీళ్లలో కడిగి, అసిటోన్‌లో ముంచి, పూర్తిగా ఆరబెట్టి, మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పూయాలి. ఆరకుండా మైనం పూస్తే తేమను లోపల బంధించినట్టే. బెంజోట్రయజోల్ బాగా పనిచేస్తుంది గానీ విషం, సంరక్షణ నిపుణులకు వదిలేయండి. రోగం ఉన్న నాణేన్ని మిగతా వాటికి దూరంగా పెట్టండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ కాలం ఈ నాణేలకు ప్రమాదకరమే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, 40 శాతం దాటకుండా చూసుకోండి. జెల్ రంగు మారినప్పుడు సుమారు 120 డిగ్రీల్లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు వాటి జిగురు ఆకుపచ్చగా నాణేనికి పడుతుంది. ఇప్పటికే పడితే అసిటోన్‌తో పోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. టర్కీలో 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం పాత నాణేన్ని దేశం దాటించడం నేరం. ఎఫెసస్ శిథిలాల బయట "ఇప్పుడే దొరికింది" అని అమ్మే నాణేలు చాలావరకు నకిలీలే. ఏదైనా అసలుది అయితే ఎయిర్‌పోర్టులో మీ సమస్య ఇంకా పెద్దది. కొనేటప్పుడు పాత సేకరణ వివరాలున్న బిల్లు తీసుకోండి, దాన్ని నాణెంతోనే ఉంచండి. మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా బయటికి పంపకూడదు, విదేశంలో ఉన్న బంధువుకు పోస్టులో పంపడం కూడా ఎగుమతే. నేలలో దొరికిన నిధి అయితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి.